వేలు పెడితే కదిలే బిందువు

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకూ వాళ్ల టీచర్లకూ కలిపి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. అటు సముద్రం ఒడ్డు నుంచి ఇటు కర్ణాటక సరిహద్దులో ఉన్న మడకశిర దాకా అవి చేరాయి. లోపల బైజూస్ పాఠాలు. సరిగ్గా దానికి ఏడాది ముందు, 2021 డిసెంబరులో, అదే బెంగళూరు కంపెనీ ఆస్ట్రియాలో పుట్టిన జియోజెబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను కొనేసింది. 

వీడియో పాఠమూ జియోజెబ్రా ఒకే గాజు తెర మీద నడుస్తాయి కాబట్టి రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. వీడియో పాఠం తన దారిన తాను చెప్పుకుపోతుంది. చూస్తున్న పిల్ల మనసులో ఏముందో దానికి పట్టదు. జియోజెబ్రాలో త్రిభుజం మూల మీద వేలు పెట్టి లాగితే భుజాలు సాగుతాయి, మూడు కోణాలూ మారిపోతాయి, వాటి మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే నిలబడి ఉంటుంది. లాగిన పిల్లకు అనుమానం వస్తుంది, ఇంకా గట్టిగా లాగి చూస్తుంది. ఇక్కడ చెప్పబోయేది ఈ లాగే బిందువు కథ.

ఇది పుట్టింది బడి కోసం కాదు. 1963లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థి ఇవాన్ సదర్లాండ్, ఇంకా పాతికేళ్లు నిండనివాడు, తన డాక్టరేట్ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. అది నడిచిన టీఎక్స్-2 కంప్యూటర్‌కు ఒక గది కావాలి. తెర మీద వెలుగు కలంతో గీత గీసి, ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి, ఈ రెండూ సమానంగా ఉండాలి అని షరతులు పెడితే, బొమ్మ తనంతట తానే సర్దుకునేది. కంప్యూటర్ అంటే అంకెల కాగితాలు మింగి అంకెల కాగితాలు కక్కేదని అందరూ అనుకునే రోజులవి.

దాన్ని పిల్లల దాకా తేవడానికి మరో పాతికేళ్లు పట్టింది. తెర మీద బొమ్మలు, చేతిలో మౌస్ ఉన్న కంప్యూటర్లు చవకయ్యాక, 1980ల రెండో సగంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్-మారీ లబోర్డ్ బృందం కాబ్రీ తయారుచేసింది. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీలో నడిచిన ఒక జ్యామితి ప్రాజెక్టులో నికొలస్ జాకివ్ జియోమీటర్స్ స్కెచ్‌ప్యాడ్ రాశాడు. అది 1991లో మార్కెట్‌లోకి వచ్చింది. ఎవరి దారిన వాళ్లు పనిచేసినా రెండు జట్లూ చేరింది ఒకే చోటికి: గీసిన బొమ్మను పట్టుకుని లాగనివ్వాలి.

లోపల జరిగేది చెప్పడానికి తేలిక. ప్రతి బొమ్మా వరుసగా రాసిన పనుల జాబితా. ఎ, బి అనే రెండు బిందువులు మన ఇష్టం. వాటిని కలిపే గీత వాటి మీద ఆధారపడింది, దాని మధ్యబిందువు గీత మీద, మధ్యబిందువు దగ్గర నిలబెట్టిన లంబం మధ్యబిందువు మీద. ఎ-ని కొంచెం జరపగానే యంత్రం జాబితా మొత్తాన్ని పైనుంచి కిందికి మళ్లీ లెక్కిస్తుంది. సెకనులో ఎన్నోసార్లు అలా చేస్తుంది కాబట్టి మన కంటికి బొమ్మ సాగినట్టు కనిపిస్తుంది.

ఈ చిన్న ఏర్పాటు బడిలో ఎంత పని చేస్తుందో చూడాలంటే ఒక చతురస్రం గీయమనాలి. ఎక్కువమంది నాలుగు చుక్కలు పెట్టి కంటి అంచనాతో కలిపేస్తారు. చూడ్డానికి చతురస్రమే. ఒక మూల పట్టుకుని లాగగానే వంకర చతుర్భుజం అయిపోతుంది. లంబాలు, వృత్తాలు వాడి కట్టినదైతే ఎటు లాగినా పెద్దదవుతుంది, చిన్నదవుతుంది, తిరుగుతుంది, చతురస్రంగానే ఉంటుంది. ఇందులో ఎర్ర సిరాతో ఇంటూ కొట్టేవాళ్లు లేరు. తాను పెట్టిన షరతు ఏది, పెట్టడం మరిచింది ఏది అన్నది పిల్ల కళ్లెదుటే తేలిపోతుంది. తప్పు చెప్పే యంత్రాలు బోలెడున్నాయి. తప్పును అలా చూపించి ఊరుకునేవి తక్కువ, నాకు ఇవే నచ్చుతాయి.

యంత్రానికీ చిక్కులున్నాయి. వృత్తాన్ని గీత రెండు చోట్ల ఖండిస్తుంది. గీతను వృత్తం బయటికి జరిపితే రెండు ఖండన బిందువులూ మాయం. మళ్లీ లోపలికి తెస్తే వాటిలో ఏది మొదటిది, ఏది రెండోది? ఒక్కోసారి బొమ్మ ఉన్నట్టుండి అటు నుంచి ఇటు గెంతుతుంది. గెంతకుండా సాఫీగా నడిస్తే, లాగిన బిందువును మొదటి చోటికి తెచ్చినా బొమ్మ మొదటిలా ఉండకపోవచ్చు. రెండు సుగుణాలూ అన్నివేళలా ఒకే యంత్రంలో ఇమడవు. జర్మన్ గణితవేత్తలు రిక్టర్-గెబర్ట్, కోర్టెన్‌కాంప్ 1990ల చివర్లో సంకీర్ణ సంఖ్యలతో గెంతని సాఫ్ట్‌వేర్ చేసి దానికి సిండరెల్లా అని పేరు పెట్టారు. జియోజెబ్రాలో ఈ గెంతని నడక ఇప్పటికీ మనం ఎంచుకోవలసిన ఒక మీట.

జియోజెబ్రా సంగతికొస్తే, 2001లో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ దాన్ని తన మాస్టర్స్ పరిశోధనగా మొదలుపెట్టాడు. అప్పటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని బొమ్మలు గీసేవి, కొన్ని సమీకరణాలు సాధించేవి. ఇతను రెంటినీ ఒకే తెర మీదికి తెచ్చాడు: ఎడమ పక్క సమీకరణం, కుడి పక్క వక్రం, ఒకదాన్ని కదిపితే రెండోది కదులుతుంది. మరుసటి ఏడాది ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశాడు. అది దేశాలు దాటడానికి సగం కారణం ఆ ఉచితమే. కేరళ ప్రభుత్వ బడుల కంప్యూటర్ పాఠాల్లో జియోజెబ్రా ఏళ్ల క్రితమే చోటు సంపాదించింది. మొదట జావాలో రాసిన దాన్ని, బ్రౌజర్లు జావాను వదిలించుకుంటున్న రోజుల్లో మార్చి రాశారు. ఆ పని జరగకపోతే ఈపాటికి మ్యూజియంలో ఉండేది. ఇప్పుడు మామూలు ఫోన్లో నడుస్తుంది, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. కొన్న కంపెనీ 2024 జులైలో దివాలా విచారణకు వెళ్లింది. జియోజెబ్రా మాత్రం బడి పిల్లలకు ఉచితంగానే ఉంది.

ఇక మడకశిర. దాని పక్కనున్న రొళ్ల, అగళి, అమరాపురం మండలాల్లో ఇంట్లో కన్నడం, సంతలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. కన్నడ మాధ్యమ ప్రభుత్వ బడులూ ఉన్నాయి. ఇలాంటి చోట ఒకే వీడియోతో అందరికీ పని జరగదు. లాగే బిందువుకు ఆ ఇబ్బంది లేదు, తెర మీద ఉండే మాటలే తక్కువ. పైగా ఇక్కడ భూమి లెక్క అందరికీ తెలిసినదే. ఇటు సెంట్లు, సరిహద్దు దాటి పావగడ వైపు వెళితే గుంటలు. గుంటకు రెండున్నర సెంట్లు.

నాలుగు మూలల స్థలాన్ని కొలవడానికి పల్లెల్లో వాడే పాత పద్ధతి ఒకటుంది. ఎదురెదురు భుజాలు కలిపి సగం చేయి, రెండో జతకూ అలాగే చేయి, వచ్చిన రెంటినీ గుణించు. ఇది చాలా పాతది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో దీన్ని వ్యావహారికమని, అంటే ఉజ్జాయింపు పనికి సరిపోతుందని చెప్పి, సూక్ష్మ గణనను వేరే ఇచ్చాడు.  తర్వాత పావులూరి మల్లన ఆ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పిల్లలకు ఈ పద్ధతి ఎక్కడ మోసం చేస్తుందో మాటల్లో చెప్పకుండా చూపించవచ్చు. 40, 30, 40, 30 అడుగుల భుజాలున్న స్థలాన్ని జియోజెబ్రాలో కట్టాలి: 40 అడుగుల కింది గీత, దాని రెండు చివర్లా 30 అడుగుల వ్యాసార్థంతో వృత్తాలు, ఒక వృత్తం మీద జారే బిందువు, దాని నుంచి 40 అడుగులతో మరో వృత్తం. అది రెండో వృత్తాన్ని ఖండించే చోట నాలుగో మూల. ఇప్పుడు జారే బిందువును లాగితే, కోళ్లు వదులైన నులక మంచం పక్కకు ఒరిగినట్టు బొమ్మ ఒరుగుతుంది. భుజాల పొడవు అంగుళం మారదు. పాత పద్ధతి ఎప్పుడూ 1200 చదరపు అడుగులే అంటుంది, అంటే రెండు ముప్పావు సెంట్లు. కోణం 90 డిగ్రీలు ఉన్నప్పుడు అది నిజం. 60కి వస్తే అసలు వైశాల్యం 1039. 30కి వస్తే 600, సెంటున్నర కూడా లేదు. అమ్మేవాడికి ఈ పద్ధతి ఎందుకు ఇష్టమో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఇదంతా జరగాలంటే లాగే ముందు ఒక పని చేయించాలి. వైశాల్యం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని అడిగి, జవాబు నోటు పుస్తకంలో రాయించాలి. రాసిన పిల్ల తన మాటకు కట్టుబడి చూస్తుంది. రాయకుండా లాగితే అది బొమ్మలాటే, కాసేపు సరదా. లాగాక ఇంకో వాక్యం: నేనేమనుకున్నాను, ఏమైంది, ఎందుకు? తరగతి గదిలో తాకితే పనిచేసే పెద్ద తెర, అంటే ఐఎఫ్‌పీ ప్యానెల్ దగ్గర ఎప్పుడూ సారే నిలబడి లాగి చూపిస్తుంటే, అంత ఖరీదైన తెరా మళ్లీ వీడియోగానే మిగులుతుంది.

లాగే బిందువు మీద చేసినది కాకపోయినా, యంత్రం పిల్ల స్థాయిని పట్టుకుంటే ఫలితం ఉంటుందనడానికి ఆధారం ఉంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. 619 మంది పిల్లల్లో కొందరిని లాటరీ తీసి సాఫ్ట్‌వేర్ ఉన్న కేంద్రాలకు పంపారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో వాళ్లు మిగతావాళ్లకంటే ప్రామాణిక విచలనంలో 0.37 వంతు ముందుకెళ్లారు. ఆ కేంద్రాల్లో రోజుకు తొంభై నిమిషాలు గడిపితే సగమే కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపులుగా మనిషి దగ్గర చదువు. ఈ రెండో సగాన్ని వదిలేసి ట్యాబుల గురించి మాట్లాడేవాళ్లే ఎక్కువ.

లాగడం రుజువు చేయదు. నూరుసార్లు లాగినా 180 డిగ్రీలే వచ్చిందంటే అది సాక్ష్యం మాత్రమే. ఎందుకు అన్న ప్రశ్నకు కాగితం మీదికే రావాలి. స్థలం లెక్కనే మరో మెట్టు ఎక్కించవచ్చు. భుజాలను 40, 30, 50, 36గా మార్చి, జారే బిందువుతో వైశాల్యాన్ని ఎంత పెంచగలరో చూడమంటే, పిల్లలు 1465 దగ్గర ఆగిపోతారు. పాత పద్ధతి చెప్పే 1485ను ఏ మూల ఎటు లాగినా అందుకోలేరు. 1465 వచ్చిన చోట మూడు మూలల గుండా వృత్తం గీయమంటే నాలుగో మూల కూడా దాని మీదే పడుతుంది. 628లో బ్రహ్మగుప్తుడు ఇచ్చిన సూత్రం లెక్కగట్టేది ఈ వైశాల్యాన్నే. మహావీరాచార్యుడి సూక్ష్మ గణనా అదే, వృత్తం షరతు మాత్రం ఆయన చెప్పలేదు. కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాణ్ని లీలావతిలో భాస్కరాచార్యుడు పిశాచమన్నాడు, నిజంగానే. ఆయనకు అంత కోపం ఎందుకొచ్చిందో జారే బిందువు అరనిమిషంలో చూపిస్తుంది. నాలుగో మూల కూడా వృత్తం మీదే ఎందుకు పడిందన్నది మాత్రం చూపించదు. దానికి తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో వృత్తాల పాఠం తీసి, చక్రీయ చతుర్భుజం దగ్గర కూర్చోవాలి.