మధ్యస్థ కూర్పు (ఛాయాచిత్రకళ)

ఛాయాచిత్రకళలో ప్రధాన వస్తువు చట్రానికి సరిగ్గా నడుమ ఉండేటట్లు చిత్రించడాన్ని '''మధ్యస్థ కూర్పు''' అనవచ్చును. కొత్తగా కెమెరా పట్టినవారు చేసే పొరపాటుగా దీనిని పేర్కొనడం కద్దు. అయితే వస్తువు స్వభావాన్ని బట్టి ఇదే తగిన కూర్పు కావచ్చును. అలవాటుగా వచ్చినపుడు మాత్రమే ఇది దోషమవుతుంది.

== అలవాటుకు కారణం ==
అనేక పాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాల వ్యూఫైండరులో ఫోకస్ సరిచూసుకొనే వలయం మధ్యలో ఉండేది. తొలినాటి ఆటోఫోకస్ కెమెరాలు కూడా మధ్యభాగం పైనే ఆధారపడేవి. ఫోకస్ కుదరగానే మీట నొక్కితే వస్తువు అక్కడే ఉండిపోతుంది. మీటను సగం వరకు నొక్కి ఫోకస్‌ను నిలిపి, కెమెరాను కొద్దిగా జరిపి, ఆపై పూర్తిగా నొక్కితే ఈ చిక్కు తొలగుతుంది.

== మూడింట ఒక వంతు నియమం ==
చట్రాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి సమభాగాలు చేసి, ఆ గీతలపై గాని, అవి కలిసే నాలుగు బిందువుల వద్ద గాని వస్తువును ఉంచాలనేది ఈ నియమం. ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లో గ్రామీణ దృశ్యాల చిత్రణపై వెలువరించిన గ్రంథంలో దీనిని ప్రస్తావించాడు.

మదనపల్లె నుండి అంగళ్లు మీదుగా చేరుకొనే హార్సిలీ హిల్స్ ఇందుకు చక్కని ఉదాహరణ. కొండ అంచు నుండి తీసిన చిత్రంలో దిగంతరేఖ నడుమ పడితే చిత్రం రెండు సమభాగాలుగా చీలి, ముఖ్యమైనది ఆకాశమా, నేలా అన్నది తేలదు. మేఘాలు ప్రధానమైతే ఆకాశానికి, దిగువనున్న పొలాలు ప్రధానమైతే నేలకు మూడింట రెండు వంతులు కేటాయించడం మేలు.

== మధ్యస్థ కూర్పు తగిన సందర్భాలు ==
* '''సౌష్ఠవం గల కట్టడాలు:''' 1591లో నిర్మించిన చార్మినార్‌ను ఎదురుగా నిలిచి తీసినపుడు, దాని ఇరుపక్కల మినార్లు సమంగా కనబడాలంటే కట్టడం మధ్యలోనే ఉండాలి. కెమెరా ఏమాత్రం ఒరిగినా ఆ లోపం వెంటనే తెలిసిపోతుంది.
* '''సూటిగా చూసే ముఖాలు:''' పాస్‌పోర్టు వంటి గుర్తింపు పత్రాల చిత్రాలలో ముఖం మధ్యలో ఉండడం తప్పనిసరి.
* '''చతురస్రాకార చట్రం:''' నాలుగు వైపులా సమానమైనందున మధ్యనున్న వస్తువు నిలకడగా కనిపిస్తుంది.

ఒకే వస్తువుకు రెండు పద్ధతులూ వర్తించవచ్చును. లేపాక్షిలోని ఏకశిలా నందిని ఎదురుగా తీస్తే మధ్యస్థ కూర్పు దాని గాంభీర్యాన్ని చూపుతుంది. పక్కనుండి తీసినపుడు నంది చూపు సాగే వైపున ఎక్కువ ఖాళీ విడవకపోతే, ఆ చూపు చట్రపు అంచుకు తగిలి ఆగిపోయినట్లు ఉంటుంది.