వెలుపల నిలిచిన అన్న

తప్పిపోయిన కుమారుని కథ నెరుగనివారరుదు. ఆస్తినంతయు పాడుచేసికొని, పందులు తిను పొట్టునకై ఆశపడి, తుదకు ఇల్లు చేరిన తమ్ముని తండ్రి కౌగిలించుకొనెను. క్రొవ్విన దూడను వధింపించి విందు చేసెను. పొలమునుండి వచ్చిన అన్న మాత్రము వాద్యధ్వని విని, కోపించి, గడప దాటక వెలుపలనే నిలిచెను. తండ్రి బయటికి వచ్చి బ్రతిమాలెను. ఆ అన్న లోనికి పోయెనో లేదో లూకా సువార్త చెప్పదు. ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసిన పని క్రైస్తవ సంఘమునకు మూడవ శతాబ్దిలో నిజముగనే పడెను.

249లో సింహాసనమెక్కిన రోమక చక్రవర్తి డెసియసు, ప్రజలెల్లరు దేవతలకు బలి యర్పించి, అర్పించినట్లు అధికారులచే పత్రము పొందవలెనని శాసించెను. అట్టి పత్రములు నలువదికి పైగా ఈజిప్టు ఇసుకలో దొరికినవి. పేరు, ఊరు, ఎల్లప్పుడు దేవతలకు బలి యిచ్చుచునే యుంటినను మాట, సాక్షి సంతకము. కచ్చేరి రశీదువలె పొడిగా నుండును. వానిలో నొకటి మొసలి దేవుని పూజారిణిది! శాసనము ఎల్లరకును ఒక్కటే. కాని దాని బరువు క్రైస్తవులపై పడెను. కొందరు చెరసాలకు పోయిరి, కొందరు ప్రాణములు విడిచిరి, పెక్కుమంది భయపడి బలిపీఠమునొద్దకు నడచిరి. మరికొందరు బలి యీయకయే, సొమ్మిచ్చి పత్రము మాత్రము కొనుక్కొనిరి.

హింస చల్లారిన పిమ్మట వీరందరు సంఘపు తలుపు తట్టిరి. సంకెళ్ల మచ్చలింకను మానని వాని ప్రక్కన, బలి యిచ్చి సుఖముగా ఇంటనున్నవాడు వచ్చి కూర్చుండుట ఎట్లు? అన్న కోపమును తేలికగా తీసివేయరాదు.

కార్తేజి బిషప్పు సిప్రియను ఈ చిక్కును మోయవలసినవాడయ్యెను. హింసాకాలమున నగరము విడిచి దాగినందుకు ఆయనయే నింద పడెను. చెరసాలలోని సాక్షులు కొందరు జాలిపడి, ఫలానావానిని చేర్చుకొనుడని చీట్లు వ్రాసి యిచ్చుచుండిరి. సిప్రియను ఆ తొందరకు ఒప్పుకొనలేదు. 251లో ఆఫ్రికా బిషప్పులు సభ చేసిరి. పత్రము కొన్నవారిని ఒక్కొక్కరిని విచారించి చేర్చుకొనవచ్చును. బలి యిచ్చినవారు పశ్చాత్తాపముననే యుండి మరణసమయమున సమాధానము పొందవచ్చును. ఇది వారి నిర్ణయము. కొలదికాలమునకే మరల హింస రానున్నదని తోచగా, నలువదియిద్దరు బిషప్పులు కూడి పశ్చాత్తాపపడుచున్న వారినెల్లరను చేర్చుకొనిరి. పోరాటమునకు పోవువారిని ఆయుధములు లేక పంపుట ఎట్లని వారి వాదము.

రోములో కథ మరియొక త్రోవ పట్టెను. నొవేషియను అను పండితుడు, పడినవారికి సంఘమున చోటు లేదని పట్టుపట్టి, కొర్నేలియుకు పోటీగా బిషప్పయ్యెను. నెలల తరబడి చెరసాలలో మగ్గిన మాక్సిమసు మొదలగు వీరులు అతని పక్షము చేరిరి. బాధపడినవారికి కఠినత్వమే న్యాయముగ తోచుటలో వింత లేదు. అయితే వారే కొన్నాళ్లకు తమ తప్పు గ్రహించి కొర్నేలియు నొద్దకు మరలివచ్చిరి. ఆ దినమే చెరనుండి విడుదలైనవారినివలె, జనులు కన్నీళ్లతో వారిని కౌగిలించుకొనిరని ఆయన సిప్రియనుకు జాబు వ్రాసెను. సముద్రమున కీవల కార్తేజిలో ఆ జాబు చదువగా సోదరులెల్లరు సంతసించిరి. గుమ్మము మూయుమన్నవారి కొరకే గుమ్మము తెరువబడెను!

అలెగ్జాండ్రియాలోని సెరాపియోను రాకకు మాత్రము ఏ వాద్యమును మ్రోయలేదు. బహుకాలము నిర్దోషిగా బ్రతికిన ఆ వృద్ధుడు హింసలో బలి యిచ్చెను. చేర్చుకొనుడని ఎంత వేడినను ఎవ్వరును వినలేదు. జబ్బుపడి మూడు దినములు మాటలేక పడియుండి, నాలుగవనాడు తెలివివచ్చి, కూతురి కొడుకును పిలిచి సంఘపెద్దను పిలుచుకొని రమ్మనెను. అది రాత్రి. ఆ పెద్దయు జబ్బుతో నుండెను. మరణించువారు వేడినచో క్షమింపవలెనని బిషప్పు డయొనీసియసు ముందే ఆజ్ఞాపించియుండుటచే, ఆయన సంస్కారపు రొట్టెతునుకను బాలుని చేతికిచ్చి, తడిపి తాత నోట వేయుమని చెప్పెను. బాలుడు గడప త్రొక్కకముందే వృద్ధుడు మరల తెలివి తెచ్చుకొని, పెద్ద రాలేకపోయెనా, ఆయన చెప్పినది త్వరగా చేసి నన్ను పోనిమ్మనెను. మనుమడు రొట్టెను తడిపి నోట వేసెను. వృద్ధుడది మ్రింగి కన్నుమూసెను.