సీసా తెమ్మని కుమారుని పంపవద్దు

ప్రతి జూన్ 26న, మత్తు పదార్థాల వ్యతిరేక దినమని బడిపిల్లలు అట్టలు పట్టుకొని ఊరేగుతారు, ప్రతిజ్ఞ చేస్తారు. మంచిదే. అయితే ఉదయం ప్రతిజ్ఞ చేసిన పిల్లవానికే సాయంకాలం తండ్రి డబ్బిచ్చి బెల్టు షాపుకు పంపితే ఆ ప్రతిజ్ఞ ఏమవుతుంది?

ప్రియ తలిదండ్రులారా, ఇది చిన్న సంగతి కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం, 78వ సెక్షను ప్రకారం పిల్లలచేత మద్యం మోయించడం నేరం. ఏడేండ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. పిల్లలకు మద్యం ఇచ్చినవారికీ 77వ సెక్షను కింద అంతే శిక్ష. పండుగనాడు "ఒక్క గుక్కే కదరా" అనే మేనమామలు కూడ ఈ మాట వినాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. వారిని కదిలించింది ఊరేగింపు కాదు, రాత్రిబడిలో చదివిన పాఠం. సారా వలన చెడిన కాపురం గూర్చిన ఆ కథలో వారికి తమ ఇల్లే కనబడింది. 1993 అక్టోబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది.

మన పిల్లలకూ అటువంటి పాఠమే కావాలి. పాడైన కాలేయం బొమ్మ గోడకు తగిలిస్తే చాలదు. స్నేహితుడు గ్లాసు అందిస్తే ఏమని చెప్పి తప్పుకోవాలి, నాన్న తాగి వచ్చిన రాత్రి ఎవరి గడప తొక్కాలి, ఇవి తరగతిలో పిల్లలచేతనే మాట్లాడించమని ఉపాధ్యాయులను అడగండి.

మానాలని ఉండి మానలేని తండ్రికి 14446, ఆపదలో ఉన్న బిడ్డకు 1098, రెండూ ఉచిత ఫోన్లే. బడి గోడమీదనే గాక మన మందిరపు నోటీసు బోర్డుమీద కూడ వ్రాయించండి.