కారెక్కడుందో ఆ గొంతుకెలా తెలుసు?

ఆస్ట్రేలియా ఖండం దక్షిణపు అంచున, విక్టోరియా రాష్ట్రంలో, సముద్రాన్ని ఆనుకుని ఒక రోడ్డు ఉంది. దాని పేరు గ్రేట్ ఓషన్ రోడ్. టార్కీ అనే ఊళ్లో మొదలై, అలన్స్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర ముగుస్తుంది. పొడవు సుమారు 240 కి.మీ. చాలాచోట్ల ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రం, మధ్యన మెలికలు తిరిగే దారి.

ఈ దారిన వెళ్లేవాళ్లకు వింతలూ విశేషాలూ చెప్పడానికి పక్కన గైడు ఉండనక్కరలేదు. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని బయలుదేరితే చాలు. కారు ఒక మలుపు తిరుగుతుంది. వెంటనే "ఎడమవైపు కొండకొమ్ము మీద తెల్లని దీపస్తంభం చూడండి. అది 1891 నుంచి ఓడలకు దారి చూపుతోంది" అన్న మాటలు వినిపిస్తాయి. అటు చూస్తే దీపస్తంభం నిజంగానే అక్కడ ఉంటుంది! కారు ఆగితే గొంతూ ఆగుతుంది. మళ్లీ బయలుదేరి తరువాతి చోటికి చేరేసరికి తరువాతి కథ మొదలవుతుంది. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. ఆ మాటలేమో ఎప్పుడో, ఎక్కడో గదిలో కూర్చుని రికార్డు చేసినవి. మరి కారు సరిగ్గా ఆ మలుపు తిరిగిందని వాటికెలా తెలిసింది?

ఇందులో మంత్రమేమీ లేదు. ఉన్నదంతా గడియారాల మహిమే. అదెలాగో చూద్దాం.

చూపు రోడ్డు మీద, చెవి కథ మీద

ముందుగా, పుస్తకం చదువుకోకుండా మాటలు వినడం దేనికి? ఒక చిన్న లెక్క చేయండి. గంటకు 72 కి.మీ. వేగంతో పోయే కారు సెకండుకు 20 మీటర్లు వెళుతుంది. డ్రైవరు మూడు సెకండ్లు పుస్తకంలోకి చూశాడనుకోండి. ఆ కాసేపట్లో కారు 60 మీటర్లు గుడ్డిగా పరుగెత్తినట్టే! మలుపుల దారిలో అంతకన్న ప్రమాదం ఏముంటుంది? చెవికి పని పెడితే కంటికి తీరిక దొరుకుతుంది.

ఈ సంగతి క్యాసెట్ల కాలంలోనే కొందరికి తోచింది. అమెరికా వంటి దేశాల్లో కారులో వినడానికి యాత్రా క్యాసెట్లు అమ్మేవారు. "ఇక్కడి నుంచి ఇంత వేగంతో వెళ్లండి", "ఇప్పుడు టేపు ఆపండి, ఫలానా వంతెన దాటాక మళ్లీ పెట్టండి" అని అందులోని గొంతు చెప్పేది. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చిందంటే అంతే సంగతులు! కారు వెనకబడేది, టేపు ముందుకు పోయేది. క్యాసెట్టుకు కథ తెలుసు, చోటు తెలియదు. ఆ లోటు తీరింది ఆకాశంలోని ఉపగ్రహాల వల్ల.

ఉరుము నేర్పే లెక్క

వానాకాలంలో మెరుపు మెరిసిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా సెకండ్లు లెక్కపెట్టి చూడండి. గాలిలో ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు ప్రయాణం చేస్తుంది. ఆరు సెకండ్లు పట్టిందంటే మెరుపు మీకు దాదాపు 2 కి.మీ. దూరంలో మెరిసిందన్నమాట. చూశారా, టేపుతో కొలవకుండా కాలంతోనే దూరం కొలిచారు!

ఫోను చేసేదీ ఇదే లెక్క. భూమికి 20,200 కి.మీ. ఎత్తున జీ.పీ.ఎస్. అనే వరసకు చెందిన ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తాయి. వీటిలో మొదటిదాన్ని అమెరికా 1978లో ప్రయోగించింది. ప్రతి ఉపగ్రహమూ రేడియో తరంగాల ద్వారా ఎడతెగకుండా ఇలా చాటుతూ ఉంటుంది: "నేను ఫలానా ఉపగ్రహాన్ని. ఇప్పుడు ఇక్కడ ఉన్నాను. ఈ మాట పంపిన సమయం ఇది."

రేడియో తరంగాల వేగం సెకండుకు సుమారు 3 లక్షల కి.మీ. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి మాట మీ ఫోనుకు చేరడానికి సెకండులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. పంపిన సమయం, అందిన సమయం తెలిస్తే, ఉపగ్రహం ఎంత దూరాన ఉందో ఫోను లెక్కకట్టగలదు.

ఒక్క దూరం తెలిస్తే చాలదు. బడి మైదానంలో ఒక మేకు పాతి, దానికి 10 మీటర్ల తాడు కట్టి, కొస పట్టుకుని తిరగండి. ఒక వృత్తం వస్తుంది. "మేకుకు 10 మీటర్ల దూరంలో ఉన్నాను" అంటే ఆ వృత్తం మీద ఎక్కడైనా ఉండవచ్చు. కాస్త దూరంలో రెండో మేకు పాతి మరో వృత్తం గీస్తే రెండూ రెండుచోట్ల కలుస్తాయి. వాటికి పక్కగా మూడో మేకు పాతితే, ఆ రెండు చోట్లలో మీరున్నది ఏదో తేలిపోతుంది. మైదానంలో మేకులకు బదులు ఆకాశంలో ఉపగ్రహాలు, వృత్తాలకు బదులు గోళాలు. తేడా అంతే.

గడియారం తప్పితే దారి తప్పినట్టే

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రేడియో తరంగం సెకండులో పది లక్షలో వంతు కాలంలోనే 300 మీటర్లు పోతుంది. గడియారం అంత కొంచెం తప్పినా ఫోను మిమ్మల్ని నడిసముద్రంలో చూపించవచ్చు! అందుకే ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు పెడతారు. అవి మిక్కిలి ఖచ్చితమైనవి. మీ ఫోనులో ఉన్నది మాత్రం మామూలు గడియారమే. దాని తప్పును దిద్దడానికే ఫోను నాలుగో ఉపగ్రహం మాట కూడా వింటుంది. ఫోను గడియారం తప్పుగా ఉంటే నాలుగు దూరాలూ ఒకే పాటి తప్పుతాయి, అవి ఒక బిందువు దగ్గర కలవవు. అవి కలిసేదాకా ఫోను తన గడియారాన్ని సరిచేసుకుంటుంది.

మరో విశేషం వినండి. ఆకాశంలోని గడియారం నేల మీది గడియారం కంటే రోజుకు సెకండులో పది లక్షలో వంతులు 38 ఎక్కువ నడుస్తుంది. వేగంగా తిరగడం వల్ల అది కొంత నెమ్మదిస్తుంది. కాని అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ కనుక అంతకు మించి వేగం పుంజుకుంటుంది. ఇది ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతం చెప్పిన సంగతి. దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే రోజుకు 11 కి.మీ. చొప్పున తప్పు పేరుకుపోతుంది!

గడియారం ఎంత ముఖ్యమో మన అనుభవమూ చెబుతోంది. మన దేశం దారిచూపే ఉపగ్రహాల సొంత వరసలో మొదటిదాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించింది. తరువాత అందులోని మూడు పరమాణు గడియారాలూ చెడిపోయాయి. ఉపగ్రహం కూలిపోలేదు, కక్ష్య తప్పలేదు. అయినా చోటు చెప్పే పనికి రాకుండాపోయింది. దాని లోటు తీర్చడానికి 2018 ఏప్రిల్‌లో మరో ఉపగ్రహాన్ని పంపారు.

మ్యాపు మీద కనిపించని గీతలు

ఫోనుకు తానున్న చోటు తెలిసింది. మరి కథ ఎప్పుడు మొదలుపెట్టాలి? యాత్ర తయారుచేసేవాళ్లు మ్యాపు మీద ప్రతి విశేషానికీ ఒక వృత్తం గీస్తారు. రోడ్డు మీద ఇది కనిపించదు, ఫోను జ్ఞాపకంలోనే ఉంటుంది. కారు వృత్తంలో అడుగుపెట్టగానే కథ మొదలవుతుంది.

వృత్తం ఎంత ఉండాలో కూడా లెక్కే చెబుతుంది. ఫోను సెకండుకోసారి తన చోటు చూసుకుంటుందనుకుందాం. కారు సెకండుకు 20 మీటర్లు పోతోంది. వృత్తం అడ్డుకొలత 15 మీటర్లే అయితే, ఫోను ఒకసారి చూసి మళ్లీ చూసేలోపే కారు దాన్ని దాటేయవచ్చు. పైగా, ఆరుబయట కూడా ఫోను చెప్పే చోటులో సుమారు 5 మీటర్ల తేడా ఉండవచ్చు. కొండల పక్కన, దట్టమైన చెట్ల కింద అది ఇంకా పెరుగుతుంది. 2000 మే నెల మొదటిదాకా ఈ తేడా 100 మీటర్ల వరకు ఉండేది. సైనిక కారణాలతో అమెరికాయే కావాలని మామూలు ప్రజలకు అందే సంకేతంలో తప్పు కలిపేది. అది ఆపేశాకనే ఇలాంటి యాత్రలకు దారి సుగమమైంది.

ఇక వృత్తాన్ని ఎక్కడ గీయాలి? ఈస్టర్న్ వ్యూ అనేచోట రోడ్డుకు అడ్డంగా ఒక స్మారక తోరణం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సుమారు 3 వేలమంది సైనికులు 1919 నుంచి 1932 దాకా పారలతో, గునపాలతో, గుర్రపుబళ్లతో ఈ రోడ్డు వేశారు. యుద్ధంలో చనిపోయిన తోటివారి జ్ఞాపకార్థం వేసిన రోడ్డు ఇది. ఈ కథ చెప్పడానికి 30 సెకండ్లు పడితే, తోరణానికి 600 మీటర్ల ముందే మొదలుపెట్టాలి. లేకపోతే కథ పూర్తయ్యేసరికి తోరణం వెనకబడిపోతుంది.

కారు దిక్కునూ గమనించాలి. ఇప్పుడున్న చోటును ఇంతకుముందున్న చోటుతో పోల్చి ఫోను దిక్కు తెలుసుకుంటుంది. ఆస్ట్రేలియాలోనూ మనలాగే వాహనాలు ఎడమపక్కన నడుస్తాయి. టార్కీ నుంచి పడమటికి వెళితే సముద్రం ఎడమచేతి వైపున, మన వరసను ఆనుకునే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే సముద్రం కుడివైపుకు మారుతుంది. అప్పుడు కూడా "ఎడమవైపు చూడండి" అంటే కొండరాళ్లు తప్ప ఏం కనిపిస్తాయి?

ఈ దారి ఆట్‌వే అడవుల గుండా పోయేచోట కొన్ని తావుల్లో ఫోను సిగ్నల్ అందదు. అయినా కథ ఆగదు. ఉపగ్రహాలు చాటుతూ ఉంటాయి, ఫోను వింటూ ఉంటుంది. అది ఆకాశానికి జవాబేమీ పంపనక్కరలేదు. మాటలనూ మ్యాపునూ మాత్రం బయలుదేరకముందే ఫోనులోకి ఎక్కించుకోవాలి. ఈ పని పిల్లలే చేయవచ్చు. డ్రైవరు మాత్రం ప్రయాణంలో ఫోను ముట్టుకోకూడదు.

గొంతుకు తెలియనిది

ఇంత తెలిసిన గొంతుకు తెలియనిదీ ఒకటుంది. పోర్ట్ క్యాంబెల్ ఊరు ఇంకా రాకముందే, తీరం పక్కన సముద్రంలో ఎత్తయిన రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటిని 'పన్నెండుగురు అపోస్తలులు' అంటారు. అపోస్తలులంటే ఏసుక్రీస్తు ముఖ్యశిష్యులు. పేరులో పన్నెండు ఉన్నా, స్తంభాలు మాత్రం అన్ని లేవు.

ఇవి సున్నపురాయి స్తంభాలు. సుమారు కోటిన్నర నుంచి రెండు కోట్ల సంవత్సరాల కిందట సముద్రపు అడుగున జీవుల పెంకులు, అస్థికలు పేరుకుని ఈ రాయి ఏర్పడింది. దక్షిణ సముద్రపు అలలు కొండచరియ పగుళ్లలోకి దూసుకుపోయి రాతిని తొలుస్తాయి. పగులు గుహ అవుతుంది. గుహ ఆవలి పక్కకు తెరుచుకుని కమాను అవుతుంది. కమాను పైకప్పు కూలితే, విడిపోయిన ముక్క స్తంభంగా మిగులుతుంది. చివరకు స్తంభమూ కూలుతుంది.

ఇదంతా ఎప్పుడో జరిగి ఆగిపోయిన కథ కాదు. అక్కడికి దగ్గరలోనే లండన్ బ్రిడ్జ్ అని పిలిచే రాతి వంతెన ఉండేది. 1990 జనవరి 15న దాని ఒడ్డువైపు కమాను హఠాత్తుగా కూలిపోయింది. ఆవలివైపు చిక్కుకుపోయిన ఇద్దరు యాత్రికులను హెలికాప్టరులో తీసుకువచ్చారు. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. 2005 జూలైలో సుమారు 50 మీటర్ల ఎత్తున్న ఒక 'అపోస్తలుడు' కొద్ది క్షణాల్లో రాళ్లకుప్ప అయిపోయాడు.

అంతకుముందు రికార్డు చేసిన మాటలు ఆ మరునాడు వింటే ఎలా ఉంటుంది? "ఎదుట ఉన్న స్తంభాన్ని చూడండి" అంటుంది గొంతు. ఎదుట నీళ్లే ఉంటాయి! ఉపగ్రహాలు చెప్పేది మీరు ఎక్కడ ఉన్నారో మాత్రమే. అక్కడ ఇవాళ ఏముందో వాటికి తెలియదు. అందుకే ఇలాంటి యాత్రల మాటలను అప్పుడప్పుడు తిరగరాయాలి. వినేవాళ్లు కూడా విన్నదాన్ని కంటితో సరిచూసుకోవాలి. చెప్పినదానికీ కనిపించినదానికీ తేడా ఉంటే, అక్కడేదో జరిగిందన్నమాట. శాస్త్రజ్ఞుడికి అంతకన్న ఆసక్తికరమైన చోటు వేరే ఉండదు.

మీరూ తయారుచేయండి

ఇలాంటి యాత్ర తయారుచేయడానికి ఆస్ట్రేలియా పోనక్కరలేదు, కారూ అక్కరలేదు. మీ ఇంటి నుంచి బడిదాకా ఉన్న దారి చాలు.

1. దారిలో ఐదు విశేషాలు ఎంచుకోండి. పాత బావి, పెద్ద చింతచెట్టు, చెరువుగట్టు, ఏదైనా సరే. వాటి సంగతులు పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే మూడోవారిని కూడా అడగండి.

2. 30 మీటర్ల దూరం కొలిచి, మామూలుగా నడిచి ఎన్ని సెకండ్లు పట్టిందో చూడండి. దాన్నిబట్టి సెకండుకు ఎన్ని మీటర్లు నడుస్తారో లెక్కకట్టండి.

3. రాసుకున్న ప్రతి కథనూ గడియారం చూస్తూ పైకి చదవండి. పట్టిన సెకండ్లను మీ నడక వేగంతో హెచ్చవేయండి. విశేషానికి అంత దూరం ముందు కథ మొదలుపెట్టాలి. అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి.

4. ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని నడవండి. గుర్తు రాగానే కథ చెప్పండి. మాటలు ముగిసేసరికి విశేషం ఎదుటికి వచ్చిందా? రాకపోతే గుర్తును ముందుకో వెనక్కో జరపండి.

5. తిరుగుదారికి కుడి ఎడమలు మార్చి మళ్లీ రాయండి.

ఆ కాగితాన్ని దాచి, ఏడాది తరువాత అదే దారిలో నడుస్తూ చదవండి. ఏది మారిందో, ఏది కనిపించకుండా పోయిందో పక్కన తేదీతో సహా రాయండి.