శిలమీది న్యాయము

గడువు పెట్టుకొన్న అప్పును వ్రాసికొనవలెనని ఖురాన్ షరీఫ్ ఆదేశించుచున్నది. వ్రాత ఇరువురినీ కట్టి ఉంచును. ఏలువాని శాసనమునకును ఈ సత్యమే వర్తించును.

క్రీ.పూ. 18వ శతాబ్దమున బాబిలోన్ ప్రభువు హమ్మురాబీ దాదాపు 282 నిబంధనలను నల్లని రాతిపై చెక్కించెను. అన్యాయమునకు గురియైనవాడు వచ్చి, దానిని చదివించుకొని తన హక్కును తెలిసికొనవలెనని అందు పలికెను. అయితే ఆ న్యాయము బానిసకు ఒకటి, స్వతంత్రునకు వేరొకటి.

అట్టి శిల మన తెలుగుదేశమునను కలదు. పూర్వము తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు రాజులు బలవంతముగా తీసికొనెడివారు. మన ప్రాంతమును ఏలిన కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవున అభయ శాసనము వేయించి, నిర్ణీత సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. దూరదేశపు వర్తకుడు ఇక అధికారి దయకు మారుగా అక్షరమును నమ్ముకొనవచ్చును.

బలవంతునికి నోటిమాట చాలును. బలహీనునికి వ్రాత కావలెను. కాని చదువు రానివానికి ఆ శిల వట్టి రాయియే. విద్యార్థులారా, ఇరుగుపొరుగువారికి వచ్చిన కాగితమును చదివి, అర్థము చెప్పుట మన చదువునకు తొలి బాధ్యత.