ఏ వయసు అలీ? ఏ వయసు ఫ్రేజియర్?

ముష్టియుద్ధం ప్రస్తావన వస్తే పెద్దవాళ్ల మధ్య ఇప్పటికీ ఒకటే తగువు. మహమ్మద్ అలీ గొప్పవాడా, జో ఫ్రేజియరా, జార్జ్ ఫోర్‌మనా అని. గెలుపోటముల పట్టిక తీసినా ఈ తగువు తెగదు. 1971లో న్యూయార్క్‌లో అలీని ఫ్రేజియర్ పాయింట్ల మీద ఓడించాడు. ఆ ఫ్రేజియర్‌ని 1973లో కింగ్‌స్టన్‌లో ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. ఆ ఫోర్‌మన్‌ని మరుసటి ఏడాది కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండులో పడేశాడు. మరి ఎవరు ఎవరికన్నా మిన్న? డాక్టరును అడిగితే ముందు వేసే ప్రశ్నలు వేరు. ఆ రోజుకి ఎవరి వయసెంత? అప్పటికే ఎన్ని దెబ్బలు తిని ఉన్నాడు?

అలీ పుట్టింది 1942లో, ఫ్రేజియర్ 1944లో, ఫోర్‌మన్ 1949లో. 1964లో సోనీ లిస్టన్‌ని ఓడించిననాడు అలీకి 22 ఏళ్లు. ఆ అలీకి దెబ్బ తగిలించటమే కష్టం. చేతులు కిందికి వదిలేసి, రింగంతా తిరుగుతూ, గుద్దు దగ్గరికి వచ్చేసరికి తల జానెడు వెనక్కి తీసేసేవాడు. సైన్యంలో చేరనన్నందుకు 1967లో అతని బిరుదు లాగేసుకున్నారు. మూడున్నరేళ్లు పోటీలు లేవు. 1970లో తిరిగి వచ్చిన మనిషికి వెనకటి కాళ్లు లేవు. రెండే రెండు పోటీలాడి, 1971 మార్చిలో, మంచి ఊపుమీదున్న 27 ఏళ్ల ఫ్రేజియర్ ఎదట నిలబడ్డాడు. పదిహేనో రౌండులో ఎడమచేతి హుక్ దవడకు తగిలి వెల్లకిలా పడ్డాడు. వెంటనే లేచాడు! జనం ఆ లేవటాన్ని మెచ్చుకున్నారు. నా దృష్టిలో అతని కష్టాలకు మూలం అదే. తప్పించుకోలేకపోయినా తట్టుకోగలనన్న ధైర్యం అలీకి వచ్చేసింది.

వయసుతోపాటు మొదట తగ్గేది చురుకు. కన్ను చూసిన దెబ్బకు మెడ, కాలు కదలటానికి పట్టే వ్యవధి పెరుగుతుంది. తర్వాత దమ్ము తగ్గుతుంది. బలం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. ఫోర్‌మన్ 1977లో మానేసి, పదేళ్ల తర్వాత మళ్లీ దిగి, 1994లో 45వ ఏట మైకేల్ మూరర్‌ని పదో రౌండులో కూల్చి ఛాంపియన్ అయ్యాడు. అతను మొదటినుంచీ చేతిబలం మీద ఆధారపడ్డవాడు. అలీ ఆధారపడ్డది కాళ్ల మీద, కంటి మీద. అందుకే ముప్పై దాటాక కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని, 25 ఏళ్ల ఫోర్‌మన్ చేత కొట్టించుకుని, అతను అలిసిపోయాక కొట్టాడు. యుక్తి ఫలించింది, కాదనను. కాని అభ్యాసంలోనూ తోటివాళ్ల చేత అలాగే కొట్టించుకునేవాడు. ఆ దెబ్బలు ఏ పట్టికలోనూ కనబడవు.

మెదడు సుమారు 1,400 గ్రాముల మెత్తని పదార్థం. పుర్రెలో నీరులాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. పక్కనుంచి హుక్ తగిలితే తల గిర్రున తిరుగుతుంది, మెదడు ఆ వేగాన్ని అందుకోలేక మెలిపడుతుంది, సన్నని నరాల పోగులు సాగి తెగుతాయి. స్పృహ తప్పనక్కరలేదు. చిన్నచిన్న దెబ్బలే వందలకొద్దీ చేరి, పదీ ఇరవై ఏళ్ల తర్వాత మతిమరపు, మాట తడబాటు, తూలే నడక, ముక్కోపం రూపంలో బయటపడతాయి. అమెరికాలో మార్ట్‌లండ్ అనే వైద్యుడు ఈ జబ్బు గురించి 1928లోనే రాశాడు.

1975లో మనీలాలో అలీ, ఫ్రేజియర్ పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు. కళ్లు వాచి ఎదటి మనిషి కనబడని ఫ్రేజియర్‌ని గురువు ఎడ్డీ ఫచ్ పదిహేనో రౌండుకు లేవనివ్వలేదు. ఫ్రేజియర్ అభిమానులు ఫచ్‌ని తిట్టుకున్నారు గాని, నాకైతే ఆ రాత్రికి... కాదు, అది పగటి పోటీ... ఆ పూటకి అసలైన వైద్యుడు ఆయనే. 1977లో అలీ డాక్టరు ఫెర్డీ పచెకో, మూత్రపిండాలు దెబ్బతిన్న ఆనవాళ్లున్న రిపోర్టును అతనికీ అతని వాళ్లకూ పంపి, ఇక చాలన్నాడు. జవాబు రాలేదు. పచెకో తప్పుకున్నాడు. 1980లో 38 ఏళ్ల అలీ, ఒకప్పటి తన అభ్యాస సహచరుడు లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. ఆ పోటీకి ముందు థైరాయిడ్ మాత్రలు కూడా వాడాడు. (బరువు తగ్గటానికి ఆ మాత్రలు మింగేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. గుండెదడ, కండల నీరసం తప్ప మిగిలేదేం లేదు.) ఆ పోటీ చూసి హోమ్స్‌ను అలీకంటే గొప్పవాడనటం అన్యాయం. 1966 నాటి అలీనీ 1971 నాటి ఫ్రేజియర్‌నీ పక్కపక్కన పెడితేనే పోలిక. అప్పుడు నా ఓటు అలీకే.

1984లో అలీకి పార్కిన్సన్ లక్షణాలున్నాయని తేల్చారు. 2016లో 74వ ఏట పోయాడు. ఆ జబ్బు గుద్దు ఎరగనివాళ్లకీ వస్తుంది కనుక అన్నిటికీ దెబ్బలే కారణమని ఖండితంగా చెప్పలేం. అయితే అలీతోనూ ఫ్రేజియర్‌తోనూ తలపడిన జెర్రీ క్వారీ మతి చెడి 1999లో 53 ఏళ్లకే చనిపోయాడు. జిమ్మీ ఎల్లిస్‌కీ, ఫ్లాయిడ్ పాటర్సన్‌కీ చివరి రోజుల్లో మతి నిలవలేదు.

నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, మన ఇళ్లలోంచీ పిల్లలు బాక్సింగ్‌కు వెళుతున్నారు. వెళ్లనివ్వండి. వాళ్లాడేది మూడు రౌండ్ల ఆట, పదిహేను రౌండ్లది కాదు. అయినా కోచ్‌ని ఒక మాట అడగండి: వారంలో ఎన్నిసార్లు తలమీద దెబ్బలాడిస్తారు? హెల్మెట్ గాట్లు తగ్గిస్తుందే గాని లోపల మెదడును కదలకుండా ఆపలేదు. దెబ్బ తగిలి బిడ్డ అయోమయంగా చూసినా, తలనొప్పి అన్నా, జరిగింది మరిచిపోయినా ఆ రోజుకి ఆట కట్టిపెట్టాలి. ఆ లక్షణాలన్నీ పోయి, డాక్టరు చూసి సరేననేదాకా రింగు ఎక్కనివ్వకూడదు. పదేపదే వాంతులు, లేపినా లేవని మగత, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవటం, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పటం - వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపొండి. దారిలో తలనొప్పికని ఆస్పిరిన్ మాత్ర ఇవ్వకండి.