అంతిమ దశలో ఉపచర్య

"ఇక మేము చేయగలిగినదేమీ లేదు, ఇంటికి తీసుకొనిపొండి" అనే మాట మన ఆసుపత్రులలో తరచుగా వినవస్తుంది. వ్యాధికి చికిత్స ముగిసినచోట ఉపచర్య కూడా ముగుస్తుందా? ముగియదు సరిగదా, నర్సు బాధ్యత అక్కడ ద్విగుణీకృతమవుతుంది.

ఈ సత్యాన్ని లోకానికి చాటిన మహనీయురాలు సిసిలీ సాండర్స్. తొలుత నర్సుగా, పిదప ఆసుపత్రి సంఘసేవికగా పనిచేసి, అనంతరం వైద్యవిద్యను అభ్యసించిన ఆమె, 1967లో లండన్ నగరంలో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పారు. మరణాసన్నుల వేదన కేవలం శారీరకం కాదనీ, మానసిక, సాంఘిక, ఆధ్యాత్మిక బాధలు అందులో పెనవేసుకొని ఉంటాయనీ ఆమె బోధించారు. నొప్పి విజృంభించేవరకు వేచియుండక, వేళ తప్పకుండా మార్ఫిన్ ఇవ్వడం ఆమె అనుసరించిన పద్ధతి. వైద్యుని పర్యవేక్షణలో తగు మోతాదులో ఇచ్చినచో ఈ ఔషధం మరణాన్ని త్వరపరచదు. మలబద్ధకం కలిగిస్తుంది గనుక విరేచనకారిని కూడా జతచేయాలి.

మనదేశంలో 1986లో బొంబాయిలో శాంతి ఆవేదన సదనం, 1993లో కోళిక్కోడులో ఉపశమన సేవాసంఘం వెలిశాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంవల్ల మార్ఫిన్ లభ్యత దుర్లభం కాగా, 2014 సవరణ ఆ నిబంధనలను సడలించింది.

ఇక నర్సు చేయవలసిన సేవలు చిన్నవిగా కనిపించినా అమూల్యమైనవి. పుండ్లు పడకుండా రోగిని తరచుగా ఒత్తిగిలజేయడం, ఎండిన నోటిని తడిపి శుభ్రపరచడం, ఒంటరితనం పోగొట్టేలా చేయి పట్టుకొని కూర్చోవడం వీటిలో ముఖ్యమైనవి. చివరి రోజులలో ఆకలి నశించడం సహజం. బలవంతంగా తినిపించడం ప్రేమ కానేరదు. మ్రింగలేని రోగి నోట నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమున్నది. తులసితీర్థమైనా, జమ్‌జమ్ జలమైనా దూదితో పెదవులకు అద్దితే చాలు. ఆచారమూ నిలుస్తుంది, రోగికి హానీ ఉండదు.

కుటుంబానికి కూడా ఉపచర్య అవసరమే. రోగికి నిజం తెలియరాదని బంధువులు దాస్తారు. వారు దుఃఖిస్తారని రోగి దాస్తాడు. ఈ మౌనం ఇరువురినీ ఏకాకులను చేస్తుంది. రోగి ఎంత తెలుసుకొనగోరుతున్నాడో గ్రహించి, ఆ మేరకు మృదువుగా, సత్యదూరం కాకుండా మాట్లాడాలి. శ్వాసలో రాబోయే మార్పులను ముందుగా వివరించినచో బంధువులు భయభ్రాంతులు కారు. స్పృహ తప్పినవారికి కూడా మాట వినబడుతుందనే భావనతోనే మెలగాలి.

ఉపచర్యావృత్తిని చేపట్టదలచిన విద్యార్థినీ విద్యార్థులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: ఆయువును పొడిగించడం అన్నివేళలా మన చేతిలో లేదు. బాధను తగ్గించడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నది.